వాడిన నీళ్ళు ఎవరివి?

2022 జూలైలో, వానలు తెరిపివ్వకుండా కురిసిన వారం అది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిందని, 1986 తర్వాత ఇంత ఎత్తున నీళ్ళు రావటం ఇదేనని టీవీలో చెప్తున్నారు. కాలేజీలకి సెలవులిస్తే నేను హైదరాబాదు నుంచి టేకులపల్లిలో అమ్మ దగ్గరికి వచ్చాను. మా ఊరికి గోదావరి ముంపు లేదు. వాన కాస్త వెలిసిన ఒక పొద్దున అమ్మ వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తోంది. దిగువ వాడకట్టు నుంచి ఒకావిడ బకెట్టు మోసుకుంటూ వచ్చి, ఏమీ మాట్లాడకుండా, ఆ ముగ్గు మీద కుమ్మరించింది. నల్లటి నీళ్ళు. అన్నం మెతుకులు, సబ్బు నురగ, కొబ్బరి పీచు, తల వెంట్రుకల ఉండ.

"మీ నీళ్ళు మీకు తెచ్చిచ్చిన. ఉంచుకోండి" అంది.

ఆవిడని నేను చిన్నప్పటి నుంచి అత్తా అనే పిలుస్తాను. అమ్మ వదినా అంటుంది. ఆ పూట మాత్రం అమ్మ నోట వదినా అనే మాట రాలేదు. కులం పేరు వచ్చింది. ఆ తర్వాత జరిగిన గొడవంతా రాయటం ఇక్కడ అనవసరం. నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయాను. అమ్మని ఆపలేదు. అత్తతో మాట్లాడలేదు. ముందు నా మనసులోకి వచ్చిన ఆలోచన ఏమిటో నిజం చెప్పాలంటే, ఇప్పుడు ఇదంతా ఎవరు కడగాలి అన్నదే.

సిగ్గు ఆ తర్వాత వచ్చింది. ఎందుకంటే నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం నీళ్ళ గురించే. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథ మీద చాలా పేజీలు రాశాను. తమని ముట్టనివ్వని బావిలో ఒక దళిత స్త్రీ పశువు కళేబరాన్ని పడేయటాన్ని ధిక్కారం అన్నాను, చరిత్రలో నోరు లేని మనిషి మాట్లాడిన భాష అన్నాను. ఆ భాషే బకెట్టులో మా వాకిట్లోకి వస్తే నాకు అర్థం కావటానికి రెండు రోజులు పట్టింది. కథలో బావి వేరే వాళ్ళది. ఇక్కడ ముగ్గు మా అమ్మది.

ఈ వ్యాసం ఆ రెండు రోజుల తర్వాత మొదలైన ఆలోచన. ప్రశ్న చిన్నది. నేను వాడేసిన నీళ్ళు నా గుమ్మం దాటాక ఎవరివి?

*

ముందు నీళ్ళు ఎలా వచ్చాయో చెప్పాలి. నా చిన్నతనంలో మా వీధికంతా ఒక్క చేతి పంపు. అమ్మా నేనూ పొద్దునా సాయంత్రం బిందెలు మోసేవాళ్ళం. మోసి తెచ్చిన నీటికి లెక్క ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి పోయేవి, గేదె తాగేది. గిన్నెలు బూడిదతో తోమేవాళ్ళం. ఆ నీళ్ళు గోంగూర మడిలోకి, స్నానం నీళ్ళు అరటి పిలకల్లోకి. తలకి కుంకుడుకాయ. పెరడు దాటి వీధిలోకి పోయేంత నీళ్ళు ఎప్పుడూ మిగిలేవి కావు. అది మాకు పర్యావరణ స్పృహ ఉండి చేసిన పని కాదు. మెడలు నొప్పి పుట్టి చేసిన పని.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. పల్లెల్లో మనిషికి రోజుకి 100 లీటర్ల లెక్కన దాన్ని రూపొందించారు. మా వాకిట్లోకి కూడా నల్లా వచ్చింది. అమ్మ నెత్తి మీద నుంచి బిందె దిగింది. ఆ రోజు అమ్మ ఏమీ అనలేదు గానీ చుట్టకుదురుని చాలాసేపు చేతిలో పట్టుకుని, తర్వాత పొయ్యిలో పెట్టింది. నల్లాని తక్కువ చేసి మాట్లాడే హక్కు బిందె మోయని వాళ్ళకి లేదని నేను నమ్ముతాను.

కానీ లెక్క చూడండి. అయిదుగురున్న ఇంటికి రోజుకి 500 లీటర్లు వస్తే, అందులో మనం తాగేదీ వండేదీ కొద్దిగానే. నాలుగింట మూడు వంతులకి పైగా తోమిన నీళ్ళుగా, ఉతికిన నీళ్ళుగా, స్నానం నీళ్ళుగా బయటికి పోతాయి. అంటే ఒక్కో ఇంటి నుంచి రోజుకి ఇరవై బిందెలకి పైనే. బూడిద పోయి గిన్నెల సబ్బు వచ్చింది, కుంకుడు పోయి షాంపూ వచ్చింది, గేదె పోయి పాల పాకెట్టు వచ్చింది. కుడితి తాగే నోరు ఇంట్లో లేదు. పెరడు సగం మరుగుదొడ్డికి, సగం తమ్ముడి గదికి పోయింది. నీళ్ళు లోపలికి రావటానికి ఎక్కడి గోదావరి నుంచో పైపులేశారు. బయటికి పోవటానికి మా ఇంటి గోడకి ఒక తూము కొట్టారు, అంతే. సీసీ రోడ్డు వేశారు. రోడ్డు పక్కన సైడు కాల్వ తవ్వారు. ఆ కాల్వ మా వీధి చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఆగిన చోటు నుంచి నేల దిగువకి వాలుతుంది. ఆ వాలులో అత్త వాళ్ళ వాడకట్టు.

ఇప్పుడు సాహిత్యంలోకి వస్తాను, నాకు తెలిసిన పని అదే కాబట్టి. నీళ్ళు తెచ్చే స్త్రీ మన పాటల నిండా ఉంది. బావి గట్టు, కడవ, ఏటి ఒడ్డు, నడుమున బిందె. స్త్రీవాదులుగా మనం ఆ అందాన్ని ప్రశ్నించాం, కడవ కింద మెడ ఎలా వంగిపోయిందో చూపించాం. విమల 'వంటిల్లు' లాంటి కవితలు ఆ గది తలుపులు తెరిచి అందులో ఎన్ని తరాలు బందీలుగా ఉన్నాయో చూపించాయి. కానీ వంటింటి గోడకున్న తూములోంచి అవతలికి తొంగి చూసిన రచన ఎంత వెదికినా నాకు బహు తక్కువగా దొరికింది. మా వైపు వాగులు కిన్నెరసానిలో కలుస్తాయి, కిన్నెరసాని గోదావరిలో. విశ్వనాథ 'కిన్నెరసాని పాటలు' అత్త ఆరడి పడలేని ఒక కోడలు కరిగి వాగైపోయిన కథ. వాగుగా మారిన ఆడదాని దుఃఖం గురించి క్లాసులో కంటతడి పెట్టించేలా పాఠం చెప్పగలను. ఆ వాగులోకి మా ఇంటి నుంచి రోజూ ఏం పంపుతున్నానో ఆ పాఠంలో ఎప్పుడూ చెప్పలేదు.

*

మాది చాకలి కులం. ఇది చెప్పకపోతే ఈ వ్యాసంలో సగం అబద్ధమవుతుంది.

మా నాయనమ్మ ఊరి మురికిని మూటగట్టి వాగుకి మోసింది. చౌడు మట్టి కలిపి, ఉబ్బ పెట్టి, రేవులో బండకేసి బాది, తెల్లగా చేసి తిరిగిచ్చింది. ముట్టు బట్టలు, పురుటి బట్టలు, చావు ఇంటి బట్టలు కూడా. ఆ బట్టల్ని వాళ్ళు మైల అనేవాళ్ళు. మైల తీసిన చేతుల్ని కూడా మైల అనేవాళ్ళు. ఉతికిన బట్ట ఇంట్లోకి వెళ్ళేది, ఉతికిన మనిషి గడప ఇవతలే ఆగేది. నాయనమ్మ ఒకసారి నాతో అన్న మాట గుర్తుంది. "మురికి యాడికీ పోదే పిల్లా. వాళ్ళ బట్టల్నించి వాగులోకి పోతది. మనం చోటు మారుస్తం, అంతే."

ఆ మాటని ఆమె తత్త్వంగా చెప్పలేదు. పనిలో తెలిసిన విషయంగా చెప్పింది. చాలా ఏళ్ళకి, 1966లో మేరీ డగ్లస్ రాసిన 'ప్యూరిటీ అండ్ డేంజర్' చదువుతున్నప్పుడు, మురికి అనేది వస్తువులో ఉండదు, అది ఉండకూడని చోట ఉండటంలో ఉంటుందనే వాదన దగ్గర నాయనమ్మ మొహం కనిపించింది. తేడా ఒక్కటే. ఆ ఉండకూడని చోట ఎవరు బతుకుతున్నారో నాయనమ్మకి తెలుసు.

తెలుగులో ఒక చిత్రం ఉంది. తిన్న గిన్నెల్ని అంట్లు అంటాం. మనిషిని దూరం పెట్టటాన్ని అంటరానితనం అంటాం. రెండింటిలోనూ అంటు అనే మాటే. అంటిన గిన్నెని మాత్రం తోమి మళ్ళీ బల్ల మీద పెట్టుకుంటాం. అలాగే, మురుగు నీటిని బాగుచేసే సాంకేతిక పనినీ, మైల పడిన ఇంట్లో పురోహితుడు చేయించే తంతునీ ఒకే మాటతో పిలుస్తాం, శుద్ధి అని. మాట ఒకటి కావటం వల్ల రెండూ ఒకే జాతి పనులనుకుంటాం. కానీ అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు పనులు.

తంతులోని శుద్ధి పంపించేయటం మీద నడుస్తుంది. మురికి నా దగ్గర నుంచి పోవాలి. ఎక్కడికి పోయిందన్నది నాకు సంబంధం లేదు. 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్, ఆయనతో వచ్చిన వేలమంది చవదార్ చెరువు నీళ్ళు తాగారు. తర్వాత అక్కడి సవర్ణులు చెరువుని శుద్ధి చేశారు. ఎలాగంటే, 108 కుండల్లో ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు నింపి అందులో కలిపి. నీటి శాస్త్రం ప్రకారం అది చెరువుని మురికి చేయటం. అటువంటి పదార్థం కుళ్ళుతూ నీటిలోని ప్రాణవాయువుని తినేస్తుంది. కానీ ఆ శుద్ధికి నీళ్ళతో పని లేదు. మనుషుల్ని వేరు చేయటమే దాని పని.

రెండో శుద్ధి సంగతి వేరు. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగు నీటిలోకి గాలి పంపి చూశారు. నీళ్ళు తేరాయి గానీ వారాల తరబడి సమయం పట్టింది. అప్పుడు వాళ్ళు తేరిన నీటిని వంపేసి, అడుగున మిగిలిన మడ్డిని పారబోయకుండా అట్టే ఉంచి, దాని మీదే కొత్త మురుగు పోశారు. మళ్ళీ గాలి, మళ్ళీ వంపటం, మడ్డి మాత్రం అక్కడే. ఇలా చేస్తూ పోతే వారాలు పట్టిన పని గంటల్లోకి వచ్చింది. ఆ మడ్డిలో పెరిగిన సూక్ష్మజీవులే మురికిని తిని నీటిని తేర్చాయి. ఇవాళ ప్రపంచంలో ఎన్నో పెద్ద నగరాల మురుగు శుద్ధి కేంద్రాలు నడిచేది ఈ పద్ధతి మీదే. మా పెరట్లో అరటి పాదు చేసిందీ ఇంచుమించు ఈ పనే. మట్టిలో ఉన్న జీవులు సబ్బునీ మెతుకునీ తిన్నాయి, వేళ్ళు నీళ్ళు తాగాయి.

అంటే నిజంగా శుద్ధి జరగాలంటే మురికిని దగ్గర పెట్టుకోవాలి. దానికి చోటివ్వాలి, గాలివ్వాలి, సమయం ఇవ్వాలి. పంపించేస్తే అది శుద్ధి కాదు, బదిలీ. ఇన్నేళ్ళూ మా ఇంట్లో జరిగింది బదిలీ. మైల మోసిన కులం మాది. ఆ బరువు ఎలా ఉంటుందో మాకు తెలుసు. తెలిసి కూడా, దింపే అవకాశం రాగానే దాన్ని మా కంటే దిగువన ఉన్న వాళ్ళ గుమ్మంలో దింపాం. అంబేద్కర్ చెప్పిన అంచెల అసమానతని నేను పుస్తకంలో చదువుకున్నాను. అది మా సైడు కాల్వ వాలులో ఉందని ముగ్గు తడిశాక తెలిసింది.

*

ఇంత తెలిశాక చేయాల్సింది తేలికే అనిపించింది. ఇంకుడు గుంత. సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్ ఇంటింటికీ ఇంకుడు గుంత కట్టుకుని పేరు తెచ్చుకుంది. మన సరిహద్దు దాటితే నాందేడ్ జిల్లాలో టెంభుర్ని కూడా అంతే. వీధిలో మురుగు పారటం ఆగింది, దోమలు తగ్గాయి. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశలో ఈ వాడిన నీళ్ళ సంగతి కూడా చేర్చారు. ఉపాధి హామీ కింద గుంతలు తవ్వించే వీలూ ఉంది.

మేం మా ఖర్చుతోనే తవ్వించాం. బోరుకి దూరంగా, మూడున్నర అడుగుల వెడల్పు, అంతకి కాస్త ఎక్కువ లోతు. అడుగున పెద్ద రాళ్ళు, పైన చిన్న రాళ్ళు. గుంతకి ముందు ఒక చిన్న తొట్టి, జాలీతో. మెతుకులు, నూనె జిడ్డు, వెంట్రుకలు ఆ తొట్టిలోనే ఆగాలి. అవి గుంతలోకి పోతే మట్టి రంధ్రాలు మూసుకుపోయి నీళ్ళు ఇంకటం ఆగిపోతుంది. మరుగుదొడ్డి నీళ్ళు ఇందులో కలపకూడదు, దానికి వేరే జంట గుంతలు కావాలి. మాది ఎర్ర చెలక నేల. పోసిన నీళ్ళు పోసినట్టే పీల్చుకుంది. నేను ఫోటో తీసి స్నేహితులకి పంపాను. నా నైతిక సమస్య మూడున్నర అడుగుల్లో తీరిపోయిందనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత వచ్చేసరికి తొట్టి ఎవరు శుభ్రం చేస్తున్నారని అడగాలని కూడా నాకు తోచలేదు. అమ్మ కుడిచేతి వేళ్ళ మధ్య పుండు చూసి అడిగితే చెప్పింది. వారానికోసారి మూత తీసి, ఆ జిడ్డంతా చేత్తో ఎత్తిపోస్తోంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి. తమ్ముడికి వాసన పడదట. నేను హైదరాబాదులో ఉన్నాను.

ఇక్కడ నా ఆలోచన ఇంకో మలుపు తిరిగింది. మహిళా సంఘం సమావేశాల్లో ఇంకుడు గుంతల గురించి చెప్తారు. ఇంటి పరిశుభ్రత ఆడవాళ్ళ చేతుల్లోనే ఉందంటారు. స్త్రీలకి ప్రకృతితో సహజమైన దగ్గరితనం ఉందనే వాదన చదువుకున్న వాళ్ళలో కూడా ఉంది. నాకు ఆ దగ్గరితనం మా అమ్మ వేళ్ళ మధ్య కనిపించింది. నీళ్ళు మోసే పని పోయి మురుగు ఎత్తే పని వచ్చింది. మురికిని దగ్గర పెట్టుకోవాలి అని పైన రాశాను. ఎవరికి దగ్గరగా అని అడగకపోతే అది కూడా ఆడదాని నెత్తికెక్కే ఇంకో బిందె అవుతుంది.

అమ్మ చేయకపోతే ఇంకెవరు? పంచాయతీ సఫాయి వాళ్ళు. 2019లో పల్లె ప్రగతి వచ్చినప్పుడు వాళ్ళకి నెలకి 8,500 రూపాయలు ఇస్తామన్నారు. మల్టీ పర్పస్ వర్కర్లు అని పేరు పెట్టారు. కాల్వ తీయటం, చెత్త ఎత్తటం, మొక్కలకి నీళ్ళు పోయటం, ట్రాక్టరు తోలటం, అన్నీ వాళ్ళే. మా వీధి కాల్వలో పూడిక తీసే వాళ్ళు ఎక్కువమంది దిగువ వాడకట్టు వాళ్ళే. అంటే మేం పంపిన మురికి వాళ్ళ ఇంటి ముందు నిలుస్తుంది, దాన్ని ఎత్తే పనికి జీతమూ వాళ్ళకే. 2013 చట్టం మనుషుల మలాన్ని చేత్తో ఎత్తించటాన్నీ, రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపటాన్నీ నిషేధించింది. మురుగు గుంతల్లో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలకి పెంచింది. కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ లాంటి వాళ్ళు దశాబ్దాలు పోరాడితే ఈ మాత్రం వచ్చింది. పరిహారం పెరగటం మంచిదే. కానీ ఆ పెరుగుదల చావులు ఆగలేదని కూడా చెప్తోంది.

*

సరే, అందరూ గుంతలు తవ్వుకుంటే సరిపోతుంది కదా అని అత్త వాళ్ళింటికి వెళ్ళాను. అది క్షమాపణ చెప్పటానికి వెళ్ళటం అని అప్పుడు ఒప్పుకోలేదు. ఇంకుడు గుంత గురించి చెప్పటానికి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

అత్త అంతా విని, లేచి, గడపారతో గుమ్మం పక్కన ఒక పోటు పొడిచింది. నల్లరేగడి. మోకాలి లోతులోనే తడి ఊరింది. "ఇందులోకి ఇంకెక్కడ ఇంకుద్ది బిడ్డా" అంది. రేగడి నేల నానిందంటే నీళ్ళు దిగనివ్వదు. పైగా పల్లం కాబట్టి భూమిలో నీరు పైపైనే ఉంటుంది. అలాంటి చోట గుంత తవ్వితే అది ఇంకుడు గుంత కాదు, దోమల గుంత. తవ్వటానికి జాగా కూడా లేదు. ఇంటి గోడకీ రోడ్డుకీ మధ్య మంచం పట్టేంత స్థలం. రోడ్డేమో వాళ్ళ గడప కంటే ఎత్తు.

అప్పుడు అర్థమైంది. నీరు పల్లమెరుగు అని సామెత చెప్పుకుంటాం. పల్లానికి పోవటం నీటి గుణమే. కానీ పల్లంలో ఎవరుండాలో నీరు నిర్ణయించలేదు. ఇంకే నేల మాకు, ఇంకని నేల వాళ్ళకి వచ్చింది కూడా నేల గుణం వల్ల కాదు. ఎవరింటి మురికిని వాళ్ళింట్లోనే ఉంచుకోండి అనే న్యాయం చెవికి ఇంపుగా ఉంటుంది. ఉంచుకోవటానికి చోటు అందరికీ సమానంగా ఉన్నప్పుడే అది న్యాయం. లేకపోతే, జాగా ఉన్నవాడు బాధ్యత గలవాడు, జాగా లేనివాడు శుచి లేనివాడు అయిపోతాడు. మా గుంత ఫోటో చూసి స్నేహితులు మెచ్చుకున్నారు. అత్త వాకిలి ఫోటో చూసినా వాళ్ళు అత్తనే తప్పు పట్టి ఉండేవాళ్ళు.

మా చుట్టూ కోయగూడేలున్నాయి. నాతో చదువుకున్న పిల్ల ఇల్లు అలాంటి ఒక గూడెంలో. ఇంటికీ ఇంటికీ మధ్య దడి, దడి మీద సొర తీగ, దాని మొదట్లో స్నానాల బండ. అక్కడ ఈ సమస్యకి పేరే లేదు. దాన్ని ఆదివాసీ జ్ఞానం అని ఊరికే పొగడటం నాకిష్టం లేదు. వాళ్ళకి ఇళ్ళ మధ్య జాగా ఉంది, ఒకరి దిగువన ఒకర్ని పెట్టే ఊరి నక్షా లేదు, అది ముఖ్యం. 2018 చట్టంతో చాలా గూడేలు, తండాలు పంచాయతీలయ్యాయి. అదొక గెలుపు. అయితే సీసీ రోడ్డు, ఎక్కడికీ చేరని సైడు కాల్వ కూడా దాని వెంటే వెళ్తున్నాయి. అభివృద్ధి పేరుతో మా వీధి నక్షా అక్కడికి చేరకుండా ఉంటే బాగుండును.

ముగ్గు మీద నీళ్ళు పోసిన సంగతి పంచాయతీలోకి వచ్చినప్పుడు పెద్దమనుషులు నవ్వారు. ఆడోళ్ళ నీళ్ళ పంచాయితీ అన్నారు. నిజమే, కొట్టుకున్నది ఇద్దరు ఆడవాళ్ళు. కాల్వ ఎక్కడ ఆపాలో నిర్ణయించిన వాళ్ళు, రోడ్డు ఎత్తు కొలిచిన వాళ్ళు, వాడకట్టుకి పల్లంలో జాగా చూపించిన వాళ్ళ తాతలు, ఎవరూ ఆ గొడవలో లేరు. ఊరి నిర్మాణంలో జరిగిన తప్పు ఇద్దరు ఆడవాళ్ళ నోటి దురుసుగా బయటికొచ్చింది. మనం ఇళ్ళల్లో అత్తాకోడళ్ళ గొడవల గురించి ఇన్నాళ్ళూ చెప్తున్నది కూడా ఇదే కదా.

*

మొదటి ప్రశ్నకి ఇప్పుడు నా జవాబు ఇది. నేను వాడిన నీళ్ళు గుమ్మం దాటాక కూడా నావే. నేనొక్కదాన్నే వాటిని బాగుచేయలేను, కాబట్టి అవి మా అందరివి కూడా. మొదటి మాట మాత్రమే చెప్తే అది అమ్మ చేతికి పుండవుతుంది. రెండో మాట మాత్రమే చెప్తే, అందరిదీ అన్నది ఎవరిదీ కాకుండా పోయి అత్త గుమ్మంలో నిలుస్తుంది. జాగా ఉన్న వాళ్ళం మా గుంతలో ఇంకించుకోవాలి. మిగిలిన కాల్వ నీళ్ళకి వాడకట్టు అవతల ఒక మడుగు కావాలి, రాళ్ళూ మెట్టతామర మొక్కలూ వేసి నీళ్ళు నెమ్మదిగా నడిచేలా చేస్తే ఆ వేళ్ళూ మట్టీ చాలా పని చేస్తాయి. దానికి ఊరి డబ్బు, ఊరి భూమి పెట్టాలి. భూమి ఇవ్వాల్సింది ఎగువ వాళ్ళు. ఇది పంచాయతీకి రాసిచ్చాం. కాగితం మీద మొదటి వేలిముద్ర అత్తది, రెండో సంతకం అమ్మది. ఇద్దరూ ఇంకా వదినా అనుకోవటం లేదు. నేనేమీ కలపలేదు. కలిపానని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధం.

ఇంట్లో తొట్టి వంతులు పెట్టాం. ఒక వారం తమ్ముడు, ఒక వారం మరదలు, నేను వచ్చినప్పుడు నేను. చేతికి తొడుగు, చేతిలో గరిటె. తమ్ముడికి వాసన ఇప్పటికీ పడదు, అయినా చేస్తున్నాడు. మొదటిసారి మూత ఎత్తినప్పుడు నాకూ కడుపులో తిప్పింది. పైన తెల్లటి జిడ్డు పొర, దాని కింద మెతుకులు, నా వెంట్రుకలే, నేను కడుక్కున్న ముట్టు గుడ్డ నుంచి ఊడిన దారప్పోగు. చిన్నప్పుడు ఆ నీళ్ళని ఎవరూ చూడకుండా చీకట్లో పారబోయాలని అమ్మ నేర్పింది. అమ్మకి నాయనమ్మ నేర్పింది. తొట్టిలో అవి పప్పు కడిగిన నీళ్ళలో కలిసే ఉన్నాయి. మట్టి రెండింటినీ వేరు చేయలేదు. గరిటెతో ఎత్తి మామిడి మొదట్లో గుంట తీసి కప్పెట్టాను.

మొన్న దసరాకి వెళ్ళినప్పుడు అత్త వాళ్ళ వీధి మీదుగా నడిచాను. మడుగుకి ఇంకా జాగా తేలలేదు. అత్త గుమ్మంలో కూర్చుని చీపురు పుల్లతో కాల్వ నీళ్ళని పక్కకి తోస్తోంది. నన్ను చూసి, కూర్చోమనకుండానే చెప్పింది.

"మీయి వస్తలేవు. మిగిలినోళ్ళయి వస్తనే ఉన్నయి."

మా వీధిలో మా ఇంటితో కలిపి పదమూడు ఇళ్ళున్నాయి.